నియమమునకు నెలవెక్కడ? – పరిసరములు, ఆరోగ్యపుటలవాట్లు: ఒక సమీక్ష

వాదము చిక్కువడిన విధము

హితమని యెరిగిన అలవాటును మనుష్యుడేల చేపట్టడు, చేపట్టినను దానిని ఏల నిలుపుకొనజాలడు అను ప్రశ్న వైద్యశాస్త్రమంత ప్రాచీనమైనది. దీనికి నీతివేత్తలు మనోదౌర్బల్యమును, వైద్యులు అజ్ఞానమును, అర్థశాస్త్రజ్ఞులు దారిద్ర్యమును, పట్టణనిర్మాతలు వీథుల అమరికను కారణములుగా చూపుచు వచ్చిరి. గడచిన డెబ్బది యెనుబది సంవత్సరములలో మనస్తత్వశాస్త్రము, జనారోగ్యశాస్త్రము, అర్థశాస్త్రము అను మూడును ఈ ప్రశ్ననే చేపట్టి, ఒకదాని నిర్ణయమును మరియొకటి త్రోసిపుచ్చుచు ముందునకు సాగుటచే, సామాన్యపాఠకునకు ఏది నిలిచిన సత్యమో, ఏది నిలువని ఊహయో తెలియరాని స్థితి యేర్పడినది. ఆ వాదముల పూర్వాపరములను ఒకచోట కూర్చి, తేలినదానిని తేలనిదానినుండి వేరుచేయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విచారణ పండితగోష్ఠితో ముగియునది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహాయమున దేశవ్యాప్తముగా జరిగి 2023లో ప్రకటితమైన సర్వేక్షణమును బట్టి మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఈ వ్యాధి పట్టణములలో నూటికి 16.4 వంతునను, గ్రామములలో 8.9 వంతునను కానవచ్చినది. అయితే వ్యాధికి తొలిమెట్టయిన పూర్వమధుమేహస్థితి పట్టణములలో 15.4, గ్రామములలో 15.2 శాతముగా దాదాపు సమముగా నున్నది. అనగా పల్లెను చిరకాలము కాపాడిన రక్షణ యేదియో సడలిపోవుచున్నది. ఆ రక్షణ పల్లెవాసుల గుణమునందుండెనా, పల్లె పరిసరములయందుండెనా అను సంశయమే ఈ చర్చకంతకును మూలము.

మెట్టసీమ చెప్పు సాక్ష్యము

ఈ సంశయమును పరీక్షించుటకు 2007లో కోలారు నుండి విడివడిన చిక్కబళ్ళాపురము జిల్లా మిక్కిలి తగినది. మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంటిభాష తెలుగై, కచేరిభాష కన్నడమై, జనులు రెండు భాషలలోను సమానముగా మెలగుచుందురు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నదులు నందికొండల పరిసరములనే పుట్టినను, ఈ సీమకు ఏడాది పొడవున పారెడి యేరొక్కటియు లేదు. వానను చెరువులలో నిలుపుకొని, మెట్టచేలలో రాగియు, నడుమ సాళ్ళలో అనప, అలసంద, కందులును, వెనుకటి వానలకు ఉలవలును పండించుకొనుట ఇచ్చటి పూర్వపు వ్యవసాయము.

ఆ వ్యవసాయము వారి పళ్ళెమును నిర్ణయించెను. రాగి అల్పవర్షమునకు ఓర్చును. పురుగుపట్టక యేండ్లతరబడి నిలువయుండును. కావున కరవునకు జంకు సంసారికి అదియే శరణ్యమయ్యెను. సంగటిముద్దయు, ఉలవలపులుసును, పితికిన అనపపప్పును, గట్లమీది కలగూరాకును తిన్నవారెవ్వరును వైద్యుని సలహాపై తినలేదు. చేనికి నడచినవారెవ్వరును వ్యాయామమని నడువలేదు. పెద్దల నియమనిష్ఠలని మనము నేడు కొనియాడు వానిలో అధికభాగము నేలయు, వానయు, దూరమును వారిపై నిలిపిన నియమములే.

కాలక్రమమున నాలుగు మార్పులు వచ్చెను. చెరువులకు బదులు వేయియడుగులు దాటిన గొట్టపుబావులు వచ్చి, వానితో పూలు, టమాట, ద్రాక్షవంటి అమ్ముడుపంటలు వచ్చెను. చవుకధరల దుకాణముద్వారా బియ్యము ప్రతియింటికి చేరెను. బెంగళూరు సమీపించుటచే మోటారుసైకిలు కాలినడకను తొలగించెను. బస్సు నిలుచు ప్రతికూడలియందును బేకరీయు, చక్కెర హెచ్చుగా వేసిన టీయు సిద్ధమయ్యెను. ఈ మార్పులలో పెక్కింటివలన ఆకలి తగ్గెను, రాబడి పెరిగెను, స్త్రీలకు రాగివిసరు శ్రమ తప్పెను. వీనిని కీడులని త్రోసివేయుట అన్యాయము. కాని రాగిని మానవలెనని గాని, నడక చాలింపవలెనని గాని ఏ గ్రామమును ఏనాడును నిర్ణయించుకొనలేదు. పరిసరములు మారగా అలవాట్లు తామై తొలగెను.

నీటివిషయమున ఈ సత్యము మరింత కఠినముగా తోచును. లోతునీటిలోని ఫ్లోరైడు బాగేపల్లి మొదలగు చోట్ల అనుమతింపబడిన పరిమితియగు లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించియుండుట యెరిగినదే. ఇట్టి నీటివలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధి తెలుగునాట పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో 1937లోనే శాస్త్రజ్ఞులచే వర్ణితమైనది. నల్లగొండ దానికి మారుపేరయినది. ఇంటిముంగిట కొళాయిలో చెడునీరును, ఊరి చివర శుద్ధజల కేంద్రమున మంచినీరును ఉన్నప్పుడు, ఇరువది లీటర్ల క్యానును దినదినము మోయగల శక్తియు, వాహనమును ఉన్నవారి యలవాటు ఒకటి, లేనివారి యలవాటు మరియొకటి యగుట సహజము. ఇచ్చట జ్ఞానము కొరతపడలేదు, దూరము అడ్డుపడినది.

వాదచరిత్ర

భారతీయ వైద్యము ఈ విషయమును విస్మరింపలేదు. ఆయుర్వేదము దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని విభజించి, దేశమునుబట్టియు ఋతువునుబట్టియు ఆహారవిహారములు మారవలెనని విధించెను. వాగ్భటుని అష్టాంగహృదయమున దినచర్య, ఋతుచర్య ప్రత్యేకాధ్యాయములైనవి. చరకసంహిత మరియొక అడుగు ముందునకు వేసి, అహితమైన అలవాటును ఒక్కసారిగా విడువక పాదము పాదముగా విడుచుచు, హితమైనదానిని అట్లే పాదము పాదముగా గ్రహింపవలెనను క్రమమును బోధించెను. అలవాటు శరీరమున నెలకొన్న స్థితియనియు, ఆజ్ఞామాత్రమున తొలగునది కాదనియు ఆ బోధయందు అంతర్లీనమైయున్నది.

పాశ్చాత్యులలో విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన మనస్తత్వశాస్త్ర గ్రంథమున అలవాటునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. 1936లో కర్ట్ లెవిన్ మానవప్రవర్తన వ్యక్తియొక్కయు, పరిసరముయొక్కయు సంయుక్తఫలమని సూత్రీకరించెను. రోజర్ బార్కర్ 1947 మొదలు అమెరికాలోని ఒక చిన్నయూరిని యేండ్లతరబడి పరిశీలించి, ఒక మనుష్యుడు బడిలో ఒకవిధముగను, అంగడిలో మరొకవిధముగను ప్రవర్తించుటకు ఆ స్థలముల క్రమమే ముఖ్యకారణమని చెప్పెను. 1953లో జెరెమీ మోరిస్ లండనుబస్సులలో కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువయని కనుగొనెను. 1985లో జెఫ్రీ రోజ్, ఒక వ్యక్తి యేల రోగి యయ్యెనను ప్రశ్నయు, ఒక జనసమూహమున రోగమేల ప్రబలెనను ప్రశ్నయు వేర్వేరని నిరూపించి, ఈ చర్చ రెండుదారులుగా చీలుటకు హేతువయ్యెను. మరుసటియేట ఒట్టావాలో వెలువడిన ఆరోగ్యవర్ధన ప్రణాళిక, ఆరోగ్యమునకు అనుకూలమైన పరిసరములను కల్పించుట ప్రభుత్వముల బాధ్యతయని ప్రకటించెను.

నాలుగు దర్శనములు

1. సంకల్పవాదము

మనోనిగ్రహమే నియమమునకు మూలమని చెప్పువారు ఈ పక్షమువారు. వారికి ఉదాహరణము ఈ జిల్లాలోనే లభించును. చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మితాహారము, నడక, సమయపాలనలను జీవితాంతము పాటించి, నూరేండ్లు దాటి 1962లో పరమపదించిరి. అట్టివారి చరిత్ర సంకల్పశక్తికి నిస్సంశయమైన నిదర్శనము.

అయినను ఒక మహనీయుని జీవితమును జనసామాన్యమునకు కొలబద్దగా గ్రహించుటలో పొరపాటు కలదు. నిగ్రహము వాడినకొలది తరిగెడి శక్తియని 1998లో వెలువడిన సిద్ధాంతము బహుళప్రచారము పొందెను గాని, 2016లో ఇరువదిమూడు ప్రయోగశాలలు కలిసి చేసిన పునఃపరీక్షలో ఆ ఫలితము దాదాపు శూన్యమని తేలెను. నియమవంతులుగా కనబడువారు ప్రతిదినము ప్రలోభముతో పోరాడి గెలుచువారు కారనియు, ప్రలోభము ఎదురుపడని రీతిగా దినమును అమర్చుకొన్నవారనియు తరువాతి పరిశోధకులలో పలువురు అభిప్రాయపడుచున్నారు. ఇది సంకల్పమును కాదనుట కాదు. దానికి తగిన చోటు చూపుట.

2. అభ్యాసవాదము

ఈ పక్షమున స్థలము, సమయము, తోడివారు మొదలగు సంకేతములు కార్యమును ప్రేరేపించును. పునరావృత్తిచే ఆ కార్యము ఆలోచన లేకయే జరుగును. వెండీ వుడ్ ప్రభృతులు 2002లో ప్రకటించిన పరిశీలనలలో దినకృత్యములలో నూటికి 43 వంతులు అదేచోట, దాదాపు ప్రతిదినమును జరుగునవియని తేలెను. లండనులో ఫిలిప్పా లాలీ బృందమువారు 96 మందిని పరిశీలించి, అలవాటు స్థిరపడుటకు పట్టుకాలము 18 దినములనుండి 254 దినముల వరకు మారుననియు, మధ్యస్థసంఖ్య 66 అనియు, నడుమ ఒకదినము తప్పినంతమాత్రమున క్రమము చెడదనియు చెప్పిరి. ఇరువదియొక్క దినములలో అలవాటు కుదురునను లోకప్రవాదమునకు ఈ లెక్కలలో ఆధారము లేదు.

మన సీమయందు ఈ వాదమునకు పాలడైరీకంటె మంచి నిదర్శనము దొరకదు. ఉదయము, సాయంకాలము నియతవేళకు ఊరి సహకారసంఘమువద్ద పాలు పోయువారు వానకును, పండుగకును ఆ వేళ తప్పరు. పట్టుపురుగులు మేపు ఇండ్లలో ఆకువేయు గడియలును అట్టివే. ఆ క్రమము తప్పనివారే తమ రక్తపుపోటు మాత్రలను మరచుచుందురు. ఒకే మనుష్యునియందు రెండు విధములైన స్థిరత్వమును చూచినప్పుడు, మొదటిదానికి గంట, పాత్ర, చోటు, ఎదురుచూచు మనుష్యులు ఉన్నారనియు, రెండవదానికి ఏదియు లేదనియు గ్రహింపవలెను.

3. అమరికవాదము

ఎన్నికస్వాతంత్ర్యమును హరింపక, వస్తువుల యమరికను మాత్రము మార్చి మేలైన యెంపికను సులభము చేయవచ్చునని ఈ పక్షమువారి మతము. 2008లో థేలర్, సన్‌స్టీన్ పండితులు ప్రకటించిన ‘నడ్జ్’ గ్రంథము దీనికి ప్రామాణికము. పండ్లను కన్నులకెదురుగా ఉంచుట, చిన్నపాత్ర వాడుట, మంచిదానిని ముందుగనే నిర్ణయించి వలదన్నవారికి మినహాయింపు నిచ్చుట ఇందలి ఉపాయములు. అల్పవ్యయసాధ్యమగుటచే ప్రభుత్వములు దీనిని ఆదరించెను.

ఈ పక్షపు బలము ఇటీవల కొంత సన్నగిల్లినది. 2021లో రెండువందలకు పైబడిన పరిశోధనలను క్రోడీకరించిన సమీక్ష ఈ ఉపాయములు స్వల్పము మొదలు మధ్యమస్థాయి వరకు ఫలము నిచ్చునని చెప్పగా, మరుసటియేట వేరొక బృందమువారు, ఫలించిన ప్రయోగములే అచ్చగుచు, ఫలింపనివి మరుగుపడుటవలన వచ్చు దోషమును సవరించి చూచినచో ఆ ఫలమునకు నిదర్శనము మిగులదని వాదించిరి. పళ్ళెముల పరిమాణమును గూర్చిన ప్రసిద్ధపరిశోధనలను ప్రకటించిన ఒక అమెరికను ప్రయోగశాలనుండి వెలువడిన వ్యాసములు కొన్ని 2018లో ఉపసంహరింపబడెను. కావున ఈ పక్షమును పూర్తిగా త్యజింపకున్నను, దానిపై పెట్టుకొన్న ఆశలను తగ్గించుకొనుట న్యాయము.

4. సంఘవాదము

పరిసరమనగా వస్తువుల యమరిక మాత్రమే కాదు. ఆదాయము, భూమి, నీరు, పనివేళలు, స్త్రీల స్వేచ్ఛ, ఇరుగుపొరుగుల ఆచారము అన్నియు పరిసరములేయని ఈ పక్షమువారు చెప్పుదురు. మైకేల్ మార్మాట్ అధ్యక్షతను ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన సంఘము 2008లో ఇచ్చిన నివేదిక దీనికి ఆధారస్తంభము.

దీనికి సాక్ష్యములు బలమైనవి. హైదరాబాదు, బెంగళూరు మొదలగు నాలుగు నగరముల కర్మాగారములలో పనికి చేరిన గ్రామీణులను, గ్రామములలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చిన భారత వలసల అధ్యయనము, నగరమునకు వచ్చిన మొదటి దశాబ్దములోనే శరీరమున క్రొవ్వు వేగముగా పెరుగునని చూపెను. ఒకే తల్లికడుపున పుట్టి, ఒకే పొయ్యివద్ద పెరిగినవారియందు ఇంతటి భేదము కలుగుటకు గుణభేదమును కారణముగా చెప్పుట కష్టము. అమెరికాలో 1994–98 నడుమ లాటరీ పద్ధతిపై కొందరు పేదస్త్రీలకు మెరుగైన పేటలకు తరలు అవకాశమీయగా, 2011 నాటికి వారిలో తీవ్రస్థౌల్యమును, మధుమేహమును కొంత తగ్గినట్లు కనబడెను.

సంఘము ఆచారముద్వారా కూడ పనిచేయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున లెవిన్, గృహిణులకు వాడుకలో లేని మాంసభాగములను అలవాటుచేయుటకు ఉపన్యాసము, సామూహికచర్చ అను రెండు మార్గములను పోల్చెను. ఉపన్యాసము వినినవారిలో నూటికి ముగ్గురు, తమలో తాము చర్చించి నిర్ణయించుకొన్నవారిలో నూటికి ముప్పదియిద్దరు వాటిని వండిరి. యోగికవియైన కైవారము తాతయ్యగారి తెలుగు తత్త్వములు ఈ సీమలో నిలుచుటకును ఇట్టిదే కారణము. పదిమంది కూడి పాడు భజన, ఒంటరిగా పాడువాని జ్ఞాపకమునకంటె దృఢమైనది.

తులనాత్మక సారాంశము

సంకల్పవాదము వ్యక్తిగౌరవమును నిలుపును, మార్పును ప్రారంభింపజేయును. కాని దీర్ఘకాలము మోయలేదు, ఓడినవానిపై నిందను మోపును.

అభ్యాసవాదము నిలుకడకు మార్గము చూపును. కాని సంకేతములను అమర్చుకొను వీలు లేనివాని విషయమున నిరుత్తరమగును.

అమరికవాదము సులభము, చవుక. కాని దాని ఫలము స్వల్పము, కొన్నియెడల సందిగ్ధము.

సంఘవాదము వ్యాప్తిలోను, ఫలములోను అన్నిటికంటె పెద్దది. కాని కాలమును, ధనమును, రాజకీయసంకల్పమును కోరును. వ్యక్తి రేపు ఉదయము ఏమి చేయవలెనో అది చెప్పదు.

ఈ నాలుగును ఒకే ప్రశ్నకు భిన్నసమాధానములుగా తోచినను, విమర్శించి చూడగా నాలుగు వేర్వేరు ఘట్టములకు సంబంధించినవిగా తేలును. ఆరంభమునకు సంకల్పము, కొనసాగింపునకు అభ్యాసము, సౌలభ్యమునకు అమరిక, సర్వజనప్రాప్తికి సంఘము ఆవశ్యకములు. ఒక ఘట్టమునకు చెందిన సమాధానమును మరియొక ఘట్టమునకు అన్వయించుటవలననే వాదము ఇంతగా పెనగొనినది.

తేలని అంశములు

మొదటిది కార్యకారణముల చిక్కు. నడకబాటలున్న పేటలో జనులు ఎక్కువ నడచుదురనిన, బాట వారిని నడిపించెనా, నడకయందు ఇచ్చగలవారే ఆ పేటను వెదకి చేరిరా అను సందేహము మిగులుచునే యున్నది. లాటరీవంటి ప్రయోగములు అరుదు. అవి చేసిన దేశముల ఫలితములు మన పల్లెలకు ఎంతవరకు వర్తించునో వేరుగా పరీక్షింపవలసియున్నది.

రెండవది పరిసరము మాత్రము చాలునా యనునది. 2013–14లో ఉత్తరభారతమున ఐదు రాష్ట్రములలో జరిగిన సర్వేక్షణములో, పనిచేయు మరుగుదొడ్డి గల ఇండ్లలో నూటికి నలువదికిపైగా ఇండ్లయందు కనీసము ఒకరైనను బయటికే పోవుచుండిరి. అనగా కట్టడము వచ్చినంతనే ఆచారము రాదు. శుచి, అశుచి, కులము, గౌరవము అను భావములును పరిసరములో భాగమేయైనపుడు, వాటిని మార్చుపని ఇటుకలతో కాదు, ఒప్పించుటతో జరుగవలసినది.

మూడవది మన్నిక. బడిలో కలిగిన అలవాటు బడి విడిచినపిమ్మట నిలుచునా? కర్ణాటకమున 2013లో ఆరంభమైన క్షీరభాగ్య పథకమువలన బడిపిల్లలకు పాలు అందుచుండగా, 2024లో ముద్దేనహళ్ళియందలి శ్రీ సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు సహకారముతో ఆ పాలలో రాగిమాల్టు చేర్చిరి. తమ పొలముననే పండిన ధాన్యము బడిద్వారా పిల్లలకు తిరిగి చేరుట సంతోషకరమే. అయినను ఆ రుచి పెద్దయిన తరువాతి పళ్ళెములో మిగులుట, ఇంటిలో రాగి వండువారి శ్రమ తగ్గుటపైనను, రాగి పండించు రైతునకు గిట్టుబాటు కలుగుటపైనను ఆధారపడియుండును.

నాలుగవది అధికారప్రశ్న. పరిసరమును మార్చుట యనగా అనేకుల జీవితమును కొందరు నిర్ణయించుట. మేలుకొరకే అయినను, ఆ నిర్ణయము ఎవరిది, అందులో కూలివారికిని, స్త్రీలకును, చేలు లేనివారికిని ఎంత పాలు కలదు అను విచారము లేనిచో, హితము పేరిట పెత్తనమే మిగులును.

నిర్ణయము

ఇన్ని సందేహముల నడుమను కొన్ని విషయములు దృఢముగా నిలిచియున్నవి. అలవాటు వ్యక్తి గుణమునకు కొలత కాదు. పూర్వులు మనకంటె నిగ్రహవంతులనుటకును, నేటివారు సోమరులనుటకును ఆధారము లేదు. పూర్వులను మెట్టనేల నడిపినది, నేటివారిని అంగడి నడుపుచున్నది. ఈ సంగతిని అంగీకరించినవారు నిందను విడిచి పనిని చేపట్టుదురు.

అయితే పూర్వపు లేమిని తిరిగి కోరుట ఎవ్వరికిని తగదు. కరవు కలిగించిన నడకను, దారిద్ర్యము కలిగించిన మితాహారమును ఆదర్శములని చెప్పుట, వాటిని భరించినవారి యెడల అపచారము. ఆనాడు నిర్బంధమువలన కలిగిన హితమును నేడు స్వేచ్ఛతో, బుద్ధిపూర్వకముగా కల్పించుకొనుటయే మనముందున్న కార్యము. సంకల్పమునకు తగిన వినియోగము ఇచ్చటనే కలదు. ప్రతిపూటయు మనసుతో పెనగులాడుటకంటె, ఒకమారు గట్టిగా నిశ్చయించి పరిసరమును సవరించుట ఫలదాయకము. ఒంటరిగా సవరించుటకంటె ఊరు కూడి సవరించుట మరింత ఫలదాయకము.

మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి సీమలలో ఆ సవరణలు దూరపువి కావు. శుద్ధజలము ప్రతివీథికిని నడకదూరములోనికి రావలెను. చవుకధరల దుకాణమున రాగి ఆగక లభింపవలెను. పూడిన చెరువుల కట్టలు స్త్రీలు సాయంకాలము నిర్భయముగా నడచుటకు అనువైన వెలుతురుతో బాగుపడవలెను. ఊరిజనమంతయు దినమునకు రెండుమారులు చేరు పాలసంఘము వద్దనే రక్తపుపోటు, చక్కెర పరీక్షలు జరుగవలెను. వీనిని నిర్ణయింపదగిన సభ గ్రామసభ. వైద్యుడు వ్యక్తికి హితము చెప్పి యూరకున్నను, వ్యక్తి తన్నుతాను నిందించుకొని యూరకున్నను ఈ కార్యము నెరవేరదు. గ్రామసభ కార్యక్రమములో నీరు, ధాన్యము, నడకబాట అను మూడు విషయములును రోడ్లకును, దీపములకును సమానమైన చోటు పొందిననాడు మాత్రమే నెరవేరును.